మూడు టన్నులు పోస్తే ఒక టన్ను

సెలవు మీద పర్లాకిమిడి వచ్చినప్పుడల్లా మా మావయ్య ప్లైవుడ్ షాపులో ఓ సాయంత్రం కూర్చుంటాను. కొత్త షీట్ల కట్ట విప్పగానే కళ్లు మండుతాయి. ఆ ఘాటు ఫార్మాల్డిహైడ్‌ది. షీట్లు అంటించే జిగురులో ఉండేది అదే, అది తయారయ్యేది మిథనాల్ అనే ద్రవం నుంచి. ఒమన్‌లో, సలాలాలో నేను ఓడలకెక్కించే సరుకు ఆ మిథనాలే.

"ఏట్రా అల్లుడూ, దాన్ని అలాగే అమ్మే బదులు మీరే ప్లాస్టిక్ చేసి అమ్మితే డబ్బులెక్కువ రావా?" అన్నాడు మావయ్య.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ అదే అనుమానం. జెట్టీ మీద రాత్రి షిఫ్టులో ఓ సీనియర్ విడమరిచి చెప్పాడు. అదే ఇప్పుడు బిల్లు కాగితం వెనక రాసి చూపించాను. ప్లాస్టిక్ కోసం మారిస్తే 32 టన్నుల మిథనాల్ నుంచి పనికొచ్చే హైడ్రోకార్బన్ 14 టన్నులే, మిగతా 18 టన్నులూ నీళ్లుగా పోతాయి. అది కాగితం మీది లెక్క. ప్లాంటులో అయితే ప్లాస్టిక్‌కు ముడిసరుకైన ఇథిలీన్, ప్రొపిలీన్ కలిపి ఒక టన్ను రావాలంటే దాదాపు మూడు టన్నుల మిథనాల్ పోయాలి. కాబట్టి వాటి ధర మిథనాల్ ధరకు మూడింతలు దాటాకే కరెంటు, జీతాలు, అప్పు వడ్డీ లెక్కలోకొస్తాయి. బెల్లం రేటు చూసి సంబరపడితే చాలదు మావయ్యా, ఎన్ని కడవల రసం కాచామో చూడాలి అన్నాను.

గల్ఫ్‌లో ఈథేన్ (సహజవాయువుతో పాటు దొరికే గ్యాసు) ఉన్నవాళ్లు దాన్నుంచి నేరుగా ఇథిలీన్ తీస్తారు. వాళ్లకు ఈ చుట్టుదారి అక్కర్లేదు. చైనాకు సొంత బొగ్గుంది. బావోటౌలో 2010లో బొగ్గుతో మిథనాల్ చేసి, దాన్నుంచి ఏడాదికి 6 లక్షల టన్నుల ఒలెఫిన్లు, అంటే ఆ ఇథిలీన్, ప్రొపిలీన్లే, తీసే ప్లాంటు నడిపించారు. గని దగ్గరున్నవాళ్లు నిలదొక్కుకుంటారు. తీరంలో కొనుక్కున్న మిథనాల్‌తో నడిచేవాళ్లు మాత్రం రేటు పెరిగితే ప్లాంటు ఆపేస్తారు. ఇంత దూరంలో ఉన్న మాకు అప్పుడు టెన్షన్.

నాకు నచ్చిన దారి ఎసిటిక్ యాసిడ్. 32 టన్నుల మిథనాల్‌కు 28 టన్నుల కార్బన్ మోనాక్సైడ్ కలిస్తే 60 టన్నుల యాసిడ్. నీళ్లుగా పోయేదేమీ లేదు. కాకపోతే ఇథిలీన్‌కున్నంత మార్కెట్ దానికి లేదు. ఫార్మాలిన్, అంటే నీళ్లలో కలిపిన ఫార్మాల్డిహైడ్, సంగతి ఇంకోలా ఉంటుంది. అందులో సగానికి పైగా నీళ్లే కాబట్టి ఎవరూ దూరం మోయరు. మిథనాలే ఓడెక్కి వస్తుంది, ఫార్మాలిన్ జిగురు ఫ్యాక్టరీల దగ్గర్లో తయారవుతుంది.

"మరి మన తాల్చేరు బొగ్గో?" అన్నాడు మావయ్య.

బొగ్గుకు లోటు లేదు, బూడిదే ఎక్కువ. అక్కడ యూరియా కోసం తలపెట్టిన గ్యాసిఫికేషన్ (బొగ్గును గ్యాసుగా మార్చే) ప్లాంటులో బొగ్గుకు పెట్‌కోక్ (చమురు శుద్ధిలో మిగిలే, బూడిద బాగా తక్కువుండే బొగ్గులాంటిది) కలపాలనుకున్నది అందుకే. బూడిద తీసే ఖర్చు కూడా వేసుకుని లెక్క కుదిరితే, ఒడిశాలో మిథనాల్ ప్లాంటు పెడితే, జీతం తగ్గినా వచ్చేస్తానన్నాను. మావయ్య ఆ కాగితం తీసుకుని, అడుగున "బూడిద" అని ఇంకో వరుస రాశాడు.