ఇయోబాక్కోయ్ వాళ్ళ రాయి

ప్రాచీన గ్రీసు అంటే నాకు చాలా ఏళ్ళు పార్థెనాన్, జ్యూస్, ఒలింపిక్స్ అంతే. ఈ మధ్య అక్కడి శాసనాల అనువాదాలు చదవడం మొదలుపెట్టాక మాత్రం ఆ పెద్ద గుళ్ళ సంగతి వదిలేసి చిన్న చిన్న పూజా సంఘాల వెనకాల పడ్డాను, ఇంకా బయటికి రాలేదు. నగరం తరఫున జరిగే ఉత్సవాలు ఎటూ ఉన్నాయి, అవి కాకుండా కొంతమంది తమంతట తాము కలిసి ఒక దేవుణ్ణి పెట్టుకుని, చందాలేసుకుని, బలిచ్చి, కలిసి కూర్చుని తిని తాగి వెళ్ళేవాళ్ళన్నమాట. థియాసోస్, ఎరానోస్, ఓర్గెయోనెస్ అని ఈ గుంపులకి రకరకాల పేర్లు, తేడాలేంటో విడదీసి చెప్పడం కష్టం, నాకైతే అది అంత ముఖ్యం కూడా అనిపించలేదు.

అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది ఏథెన్స్‌లో 1894లో తవ్వకాల్లో దొరికిన ఒక రాతి స్తంభం. వైన్ దేవుడు డయొనైసస్ భక్తులు, తమని తాము ఇయోబాక్కోయ్ అని పిలుచుకునేవాళ్ళు, క్రీ.శ. 2వ శతాబ్దంలో తమ రూల్స్ మొత్తం దాని మీద చెక్కించారు. చేరాలంటే రాసి అప్లికేషన్ ఇవ్వాలి, సభ్యులు ఓటేసి సరే అనాలి, తండ్రి సభ్యుడు కాకపోతే 50 డెనారీలు (రోమన్ వెండి నాణేలు) కట్టాలి. ప్రతినెలా 9వ తారీఖున మీటింగు, వైన్ కోసం నెలనెలా చందా. ఇంతవరకూ మామూలే గానీ తర్వాత వచ్చే రూల్స్ చూడండి. వేరేవాడి సీట్లో కూర్చున్నా, ఎవర్నైనా తిట్టినా 25 డ్రాక్మాల (గ్రీకు నాణేల) ఫైన్, అదీ ఇద్దరు సభ్యులు ఒట్టేసి సాక్ష్యం చెప్తేనే. అల్లరి చేసేవాడి పక్కన దేవుడి కర్ర, అదే థిర్సస్, తెచ్చి పెడతారు, అంటే ఇంక లేచి బయటికి వెళ్ళాలని అర్థం, వెళ్ళనని మొండికేస్తే "గుర్రాలు" అని పిలిచే మనుషులు వచ్చి గెంటేస్తారు. ఒక్క మాట అనకుండా కర్ర తెచ్చి పక్కన పెట్టడం, ఆ సీను నాకు కళ్ళకి కట్టినట్టు ఉంది.

ఇంకోటి, దెబ్బలు తిన్నవాడు సంఘానికి చెప్పకుండా నేరుగా కోర్టుకెళ్తే వాడికీ శిక్షే! మొదట్లో ఇదేం అన్యాయం అనిపించింది, తర్వాత ఆలోచిస్తే ఇంటి గొడవ ఇంట్లోనే తేల్చుకోవాలనే పట్టుదల అది, వాళ్ళు దీన్ని నిజంగా ఒక ఇల్లులాగే చూసుకున్నారు.

ఆ ఇల్లు ఎవరికి ఎక్కువ అవసరమో తెలియాలంటే పరదేశీయుల్ని చూడాలి. ఏథెన్స్‌లో బయటివాళ్ళకి ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప భూమి కొనే హక్కు లేదు. సైప్రస్‌లోని కిటియోన్ నుంచి వచ్చిన వ్యాపారులు తమ ప్రేమ దేవత ఆఫ్రొడైటీకి గుడి కట్టుకుంటామని అడిగితే క్రీ.పూ. 333-332లో లైకర్గస్ అనే ఏథెన్స్ నాయకుడి ప్రతిపాదన మీద పౌరుల సభ ఒప్పుకుంది, అప్పటికే ఈజిప్టువాళ్ళు తమ దేవత ఐసిస్ గుడి కట్టుకున్నారు కదా అని ఆ తీర్మానంలోనే రాశారు.

గ్రీసులోని డెలోస్ దీవిలో సెరాపిస్ అనే ఈజిప్టు దేవుడి కథ ఇంకా బాగుంటుంది. ఒక ఈజిప్టు పూజారి మెంఫిస్ నుంచి దేవుణ్ణి తనతో తెచ్చుకుని అద్దె ఇంట్లోనే పూజలు చేసుకునేవాడు. క్రీ.పూ. 200 ప్రాంతంలో ఆయన మనవడు అపొల్లోనియోస్‌కి దేవుడు కల్లో కనపడి, నాకింక అద్దె ఇల్లు వద్దు, సొంత గుడి కట్టు అన్నాడట. తీరా స్థలం చూస్తే పేడా చెత్తా నిండిన జాగా, అమ్ముతామని సంత దారిలో చిన్న నోటీసు పెట్టి ఉంది. కొన్నాడు, ఆర్నెల్లలో గుడి లేచింది, వెంటనే కొందరు కేసు కూడా వేశారు, కానీ గెలిచాడు, ఇదంతా ఆయనే రాయి మీద చెక్కించి పెట్టాడు. ఆ చిన్న నోటీసు సంగతి మర్చిపోకుండా రాయించాడు చూడండి, ఆ ముక్క దగ్గర నాకు కళ్ళు చెమర్చాయి.

డబ్బు విషయంలో కూడా తెలివిగా ఉండేవాళ్ళు. ఎగ్రెటెస్ అనే వీరుణ్ణి కొలిచే ఏథెన్స్ సంఘం క్రీ.పూ. 306-305లో తమ గుడిని పదేళ్ళకి లీజుకిచ్చింది, ఏడాదికి 200 డ్రాక్మాలు. చెట్లు జాగ్రత్తగా చూసుకోవాలి, చచ్చిపోతే కొత్తది నాటాలి, ఏడాదికోసారి బలి రోజున మాత్రం గుడి ఉన్న ఇల్లు తెరిచి వంటగది, పడకలు, బల్లలు సిద్ధంగా పెట్టాలి. మిగతా రోజులు అద్దెకున్నవాడివి, ఆ ఒక్కరోజు మాత్రం వీళ్ళది.

మళ్ళీ ఇయోబాక్కోయ్ రాయి దగ్గరికే వస్తాను, ఎందుకంటే దాన్లో చివరికొచ్చేసరికి ఉన్న రూలు ఇన్ని రోజులైనా నన్ను వదలట్లేదు. సభ్యుడు చనిపోతే సంఘం తరఫున 5 డెనారీలకి మించకుండా ఒక పూలదండ, అంత్యక్రియలకి వచ్చినవాళ్ళకి ఒక కుండ వైన్. రానివాడికి ఆ వైన్‌లో వాటా లేదు.