బైండింగ్‌లో పోయిన రెండు కాగితాలు

నిద్ర పట్టట్లేదు. చిన్నాన్న ఇవాళ నాయనమ్మ బైబిల్ తెచ్చిచ్చాడు, కొత్త రెక్సిన్ అట్ట, అంచులు నున్నగా కోయించి, ప్రేమగానే చేయించాడు, తెలుసు. తెరిస్తే ముందున్న రెండు కాగితాలు లేవు. "చిరిగిపోయాయమ్మా, బైండింగ్ అతను తీసేసి కొత్తవి వేశాడు" అన్నాడు. నెల నుంచి నేను అడుగుతోంది ఆ రెండు కాగితాల కోసమే కదా! పుట్టినోళ్ళు, పోయినోళ్ళు, తేదీలు, అన్నీ వాటిమీదే. మొదటి లైన్లో పెద్దాయన బాప్తిస్మం పేరు, పక్కనే పాత పేరు. ఆ పాత పేరు ఇంకెక్కడా లేదు. చిన్నప్పుడు చదివాను, గుర్తు రావట్లేదు, ఎంత తన్నుకున్నా రావట్లేదు. చిన్నాన్న మీద అరిచేశాను. "ఆ పేరుతో ఇప్పుడేం పనమ్మా" అన్నాడు. అదే గుచ్చుతోంది.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, వాళ్ళలో మా పెద్దాయన ఉన్నాడని ఇంట్లో చెప్పుకునే మాట. అంతకుముందు కరువులో క్లౌ దొర, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, బకింగ్‌హాం కాలువ పని మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు, కూటి కోసం కలిశారనే మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. అంటే మావాడు కూలి కోసం కాదు, నమ్మే దిగాడు ఏట్లో. నా దగ్గర రుజువు లేదు. నమ్మే మొదలుపెట్టాను నేను కూడా, ఈ పేర్ల వెతుకులాట.

నాయనమ్మ రాత్రి ప్రార్థనలో తలమీద కొంగు కప్పుకుని అందరి పేర్లూ వరసగా చెప్పేది, పోయినోళ్ళవీ వదలదు, వీళ్ళని మాకిచ్చినందుకు స్తోత్రం అని, మత్తయి మొదటి అధ్యాయంలో కనెను కనెను అని సాగినట్టే. అదయ్యేదాకా కంచాలు కదలవు. గోంగూర పప్పు వాసన, కిరసనాయిలు దీపం, నాకు ఆకలి, కోపం కూడా, ఎప్పుడైపోతాయా ఈ పేర్లు అని ఆవిడ మోకాలికి తలానించుకుని ఉండేదాన్ని.

ఇంతవరకూ టైప్ చేశాక తట్టింది, నాయనమ్మకి చదువు రాదు. ఆ కాగితాలు ఆవిడ ఎప్పుడూ చదవనేలేదు.

పది దాటినా మేనత్తకి ఫోన్ చేశాను. చెప్పింది! ఏడు పేర్లు. కాకపోతే మధ్యలో "ఆగత్తా, రాసుకుంటా" అంటే తప్పిపోతోంది, మళ్ళీ మొదట్నుంచి, ప్రార్థన ఎత్తుకున్నట్టే ఎత్తుకోవాలి. మూడోసారికి ఇద్దరం ఏడ్చాం. పాత పేరు మాత్రం అత్తకీ తెలీదు, అమ్మ దాన్ని పైకి అనేది కాదే అంది.

చిన్నాన్న మీద కోపం పోయిందా అంటే పోలేదు. రేపు ఫోన్ చేస్తాను, ఇవాళ కాదు. బైండింగ్ అతను వేసిన కొత్త తెల్ల కాగితం మీదే పెన్సిల్‌తో ఏడు పేర్లూ రాశాను, మొదటి పేరు పక్కన కొంచెం చోటు వదిలి.