చుక్క కూడా కారని లీకు

విశాఖ నుంచి ఎరువుల లోడుతో రాయపూర్ బయల్దేరాం, నేనూ మా క్లీనర్ కుర్రాడూ. విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం దాకా బండి బాగానే లాగింది. సాలూరు దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టామో లేదో, యాక్సిలరేటర్ తొక్కినా పికప్ లేదు, పైగా ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు ఒకటే జర్కులు. గేరు తగ్గించినా అంతే. 16 టన్నుల లోడు, వెనక బస్సు హారన్, నా చేతులు చెమటతో స్టీరింగ్‌కి అంటుకుపోయాయి. కాస్త వెడల్పున్న చోట ఆపితే కుర్రాడు దూకి చక్రాల కింద రాళ్లు పెట్టాడు.

ఈ జబ్బు రెండు వారాలుగా ఉంది. చల్లగా ఉన్నప్పుడు ఏ లోపమూ ఉండదు, ఇంజన్ బాగా వేడెక్కాకే మొదలవుతుంది, కాసేపు ఆపితే మళ్లీ మామూలే. ఒక షాపులో ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఆరు ఇంజెక్టర్లూ మార్చాలన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

గంట ఆగి, రోడ్డు ఖాళీ చూసుకుని బండి తిప్పి సాలూరు దిగిపోయాం. సాలూరంటే లారీల ఊరు, మంచి మేస్త్రి కోసం వెతకక్కర్లేదు. దొరికిన పెద్దాయన ముందు బానెట్ వైపే చూడలేదు. "పొగ ఏ రంగులో వచ్చింది బాబూ?" అన్నాడు. నల్లపొగ లేదన్నాను. "అయితే గాలి తక్కువై కాదు, డీజిలే సరిగ్గా అందట్లేదు."

ట్యాంకులోకి గాలి పోక డీజిల్ ఆగుతోందేమోనని మూత వదులు చేసి చూశాం, తేడా లేదు. ఫిల్టర్ కొత్తదే, దాని కింద బోల్టు విప్పితే నీళ్లూ రాలేదు. అప్పుడు ఫిల్టరుకి వచ్చే దారిలో జానెడు ట్రాన్స్‌పరెంట్ పైపు బిగించి, రామభద్రపురం దాకా వెళ్లి వేడెక్కించి తెమ్మన్నాడు. వెళ్లేముందు అందులో డీజిల్ అద్దంలా ఉంది. తిరిగొచ్చి రేజ్ చేస్తే సోడా కొట్టినట్టు బుడగలు! క్యాన్‌లోంచి వేరే పైపుతో నేరుగా డీజిల్ ఇస్తే బుడగలు ఆగిపోయాయి. అంటే తప్పు ట్యాంకు నుంచి వచ్చే పైపుదే. (ఇంజెక్టర్లు విప్పించే ముందు ఎవరైనా ఈ ఒక్క పని చేయించండి, దయచేసి.)

పైపు ఊడదీసి, క్లిప్పు ఉన్నచోట వంచి నా కళ్ల ముందు పెట్టాడు. వెంట్రుక మందం చీలికలు, వంచితే నోళ్లు తెరుస్తున్నాయి. చల్లగా ఉంటే రబ్బరు బిగుసుకుని ఉంటుంది, వేడికి మెత్తబడితే అక్కడ గాలి పీలుస్తుంది, గాలి కలిస్తే రైల్ ప్రెజర్, అంటే ఇంజెక్టర్లకి డీజిల్ అందించే ఒత్తిడి, పడిపోతుంది. మరి కింద చుక్క కూడా పడలేదేంటి అని అడిగాను. "అది పంపు లాక్కునే దారి బాబూ, డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది."

కొత్త పైపు, రెండు క్లిప్పులు వేసి, హ్యాండ్ పంపు కొట్టి ఎయిర్ తీశాడు. తెల్లవారుజామున మళ్లీ ఘాట్ ఎక్కాం. నిన్న ఆగిన చోటు ఎప్పుడు దాటిందో కూడా తెలియలేదు. సుంకి, పొట్టంగి దాటి సెమిలిగూడలో టీ తాగాం. పాత పైపు ముక్క టూల్ బాక్సులోనే ఉంది, తిరుగు ప్రయాణంలో ఇంజెక్టర్లు మార్చమన్న షాపులో చూపించాలి.