పెడల్ రాయిలా బిగిస్తే ముందు వాక్యూమ్ చూడండి

మొన్న సుంకి నుంచి లోడుతో సాలూరు ఘాట్ దిగుతుంటే మా పాత బండి బ్రేక్ పెడల్ రాయిలా బిగిసిపోయింది. రెండో గేరులో ఉన్నాను కాబట్టి సరిపోయింది, తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తోంది. రెండు కాళ్లతో బలమంతా పెట్టి తొక్కితే ఆగింది. అంటే బ్రేకులు ఉన్నాయి, కాలికి సాయమే లేదు.

విజయనగరం వచ్చి ఒక షెడ్డులో చూపిస్తే, బానెట్ కూడా ఎత్తకుండా "బూస్టర్ పోయింది, మార్చేద్దాం" అన్నారు. బూస్టర్ అంటే వాక్యూమ్‌తో, అంటే గాలి పీల్పుతో, కాలి బలానికి సాయం చేసే డబ్బా. నాకు మనసొప్పలేదు. ముప్పై ఏళ్లు లారీ నడిపిన మా మావయ్యకి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట, "గట్టిగా ఉందా, మెత్తగా ఉందా?" స్పాంజిలా ఉంటే బ్రేక్ ఆయిల్ లైన్లో గాలి చేరినట్టు, నొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతుంటే ఆ ఆయిల్‌ని లైన్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్‌ని అనుమానించాలి, గట్టిగా ఉంటే ముందు వాక్యూమ్ వైపు చూడాలి.

ఆయన చెప్పినట్టే ఇంజిన్ ఆపి ఐదారుసార్లు తొక్కి, గట్టిపడ్డాక కాలు తీయకుండా స్టార్ట్ చేశాను. వాక్యూమ్ అందుతుంటే పెడల్ కాలి కింద కొంచెం జారాలి. నాది కదల్లేదు.

మా డీజిల్ బండికి వాక్యూమ్ కోసం విడిగా పంపు ఉంది, డైనమో వెనకాలే. బెల్టు బిగువుగానే ఉంది. పంపు దగ్గర పైపు ఊడదీసి వేలు అడ్డం పెడితే జలగలా పట్టేసింది. పైపు మళ్లీ తగిలించి బూస్టర్ వైపు కొసలో వేలు పెడితే ఏమీ లేదు! ఆ మూరెడు రబ్బరు పైపుని బ్లేడుతో నిలువునా కోశాను. పైకి నిక్షేపంలా ఉంది, లోపలి పొర మాత్రం పాము కుబుసంలా ఊడి, పీల్చినప్పుడల్లా దారికి అడ్డం పడుతోంది.

కొత్తది మందపాటి వాక్యూమ్ పైపే వేయించాను, మామూలు నీళ్ల పైపు వేస్తే పీల్పుకి నొక్కుకుపోతుంది. ఈసారి స్టార్ట్ చేయగానే పెడల్ జారింది. ఇంజిన్ ఆపాక కూడా రెండు మూడుసార్లు మెత్తగానే దిగింది, అంటే బూస్టర్ దగ్గరి వాల్వు కూడా వాక్యూమ్‌ని పట్టి ఉంచుతోంది. కానీ ఆ నిల్వ అంతే, రెండు మూడు తొక్కుళ్లు. డీజిల్ మిగులుతుందని ఘాట్లో ఇంజిన్ ఆపి న్యూట్రల్లో దించే అన్నలకు దండం పెట్టి చెబుతున్నాను, ఆ పని చేయకండి.

కోసిన పైపు ముక్క డ్యాష్‌బోర్డు మీదే ఉంచాను, ఈసారి ఆ షెడ్డు వైపు వెళ్లినప్పుడు చూపించాలి.