వాగ్దానం కార్డు వెనుక ఉన్న ఊరు

డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక మా సంఘంలో వాగ్దానం కార్డులు తీసుకుంటాం. పళ్ళెంలో బోర్లించిన కార్డుల్లో చేతికి వచ్చిన వాక్యమే ఆ ఏడాదంతా మనకు దేవుని మాట. మా ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిన ఏడాది నాకు ప్రకటన గ్రంథం 3:8 వచ్చింది: "ఇదిగో తలుపు నీయెదుట తీసియుంచియున్నాను." దాన్ని బీరువా అద్దానికి అంటించుకుని, రోజూ చదువుకుంటూ బతికాను. ఆ పళ్ళెంలో గద్దింపు ఉన్న కార్డు మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కటీ నాకు కనబడలేదు. ఈ సంగతి, ప్రకటన గ్రంథంలో ప్రభువు యోహాను చేత ఉత్తరాలు రాయించిన ఏడు సంఘాల ఊళ్ళు చూడడానికి టర్కీ యాత్రకు వెళ్ళేదాకా నాకు తట్టలేదు.

యోహాను రాసిన వరసలోనే తిరిగాం, ఎఫెసు నుంచి లవొదికయ దాకా. పటంలో చూస్తే, పత్మాసు ద్వీపం నుంచి వచ్చిన ఉత్తరాలను చేతపట్టుకుని ఊరూరా అందించే మనిషి నడవాల్సిన దారి అదే. ఒక్కో ఊళ్ళో ఆ ఊరి ఉత్తరాన్ని నిలబడి చదివాం. ఏడింటిలోనూ "ఎరుగుదును" అనే మాట ఉంది. పొగిడినా గద్దించినా, మనల్ని బాగా ఎరిగినవాడే మాట్లాడుతున్నాడు.

ఎఫెసులో ఇరవై అయిదు వేల మంది పట్టే రంగస్థలం మెట్ల మీద కూర్చున్నాం. ఒకప్పుడు ఊరికి ఆనుకుని ఉన్న రేవు ఒండ్రుతో పూడిపోయి, సముద్రం కొన్ని కిలోమీటర్ల దూరం జరిగిపోయింది. "మొదట నీకుండిన ప్రేమను నీవు వదిలితివి" అని పాస్టరు అయ్యగారు చదువుతుంటే, నేను ఎదుట రేవు ఉండిన దిక్కే చూస్తూ ఉండిపోయాను. స్ముర్నలో, అంటే నేటి ఇజ్మీరులో, గద్దింపు లేదు. శ్రమ మాత్రం ఉంది. "మరణమువరకు నమ్మకముగా ఉండుము" అన్న మాటను ఆ ఊరి సంఘాధ్యక్షుడు పోలికార్పు రెండో శతాబ్దంలో ప్రాణమిచ్చి నిలబెట్టుకున్నాడు. ఎనభై ఆరేళ్ళు క్రీస్తును సేవించాను, ఆయన నాకు ఏ అన్యాయమూ చేయలేదు, నా రాజును ఎలా దూషిస్తాను అన్నాడట.

నా కార్డు ఊరు ఫిలదెల్ఫియ. ఇప్పుడు దాని పేరు అలాషెహిర్. ఇళ్ళ మధ్యలో పాత చర్చి తాలూకు ఇటుక స్తంభాలు నిలిచి ఉన్నాయి. పైకప్పు లేదు, గోడలు లేవు. క్రీ.శ. 17లో వచ్చిన భూకంపంలో దెబ్బతిన్న ఊరు ఇది. ఆ తరువాత కూడా రోజూ గోడలు బీటలు వారేవని, భయంతో చాలామంది ఊరి బయట పొలాల్లోనే కాపురం ఉండేవారని ఆ కాలపు గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. అలాంటి వాళ్ళకు ప్రభువు, జయించువానిని నా దేవుని ఆలయంలో స్తంభంగా చేస్తాను, అతడు ఇక ఎన్నటికీ వెలుపలికి పోడు అని మాట ఇచ్చాడు. కొంచెం శక్తే ఉన్నా వాక్యాన్ని విడవని వాళ్ళకు తలుపు తీసి ఉంచాడు. స్తంభం మీద చెయ్యి వేసి ఏడ్చాను. నా కార్డును నాకన్నా ముందు ఎంత కష్టంలో ఉన్నవాళ్ళు చదువుకున్నారో అప్పుడు తెలిసింది.

చివరిది లవొదికయ. ముందురోజు పాముక్కలేలో చెప్పులు విప్పి తెల్లటి సున్నపు మెట్ల మీద గోరువెచ్చటి నీళ్ళలో నడిచాం. లవొదికయ శిథిలాల నుంచి చూస్తే లోయకు అవతల ఆ తెల్లని కొండ కనబడుతూనే ఉంటుంది. అక్కడి వేడి ఊటలు ఒంటికి మంచివి. ఇటు కొలస్సీ వైపు చల్లని నీళ్ళు దాహం తీరుస్తాయి. లవొదికయకు మాత్రం దూరంగా ఉన్న ఊటల నుంచి గొట్టాల్లో నీళ్ళు తెచ్చుకోవలసి వచ్చింది. ఈ ఊరి సంఘాన్నే ప్రభువు, వెచ్చగానూ లేవు చల్లగానూ లేవు, నులివెచ్చగా ఉన్నావు అని గద్దించాడు. ఆ గొట్టాల ముక్కలు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. నేను ఒకదాని ముందు కూర్చున్నాను. లోపల పొర మీద పొరగా సున్నం పేరుకుపోయి, నీళ్ళు పారాల్సిన దారి ఇరుకైపోయింది. మా పల్నాడులో బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున కట్టే తెల్లని పొరే అది. ఒక్క రోజులో కట్టేది కాదు.

క్రీ.శ. 60లో భూకంపం వస్తే రోము సాయం లేకుండా సొంత డబ్బుతో లేచిన ఊరు ఇది. "నాకేమియు కొదువలేదు" అన్నది ఆ ఊరి మాటే. నాకు మాత్రం నా మాటే వినబడింది. ఇరవై ఏళ్ళు సండే స్కూలు నడిపి, మూడేళ్ళ క్రితం ఆపేశాను. మోకాళ్ళ నొప్పి అన్నాను, పిల్లలు రావడం లేదన్నాను. అడిగినవాళ్ళతో, ఇప్పుడు వేరేవాళ్ళు చూసుకుంటున్నారులెండి అన్నాను. ఎవరూ చూసుకోవడం లేదని నాకు తెలుసు.

అయ్యగారు నన్నే చదవమన్నారు. "నేను ప్రేమించువారినందరిని గద్దించి శిక్షించుచున్నాను" దగ్గర గొంతు పట్టేసింది. తరువాతి వచనంలోనే మళ్ళీ తలుపు. ఫిలదెల్ఫియలో తీసి ఉంచిన ఆయనే ఇక్కడ బయట నిలబడి తడుతున్నాడు. రెండూ ఒకే అధ్యాయంలో, పన్నెండు వచనాల దూరంలో. ఒకదాన్ని అద్దానికి అంటించుకుని, రెండోదాన్ని ఇన్నేళ్ళూ వేరేవాళ్ళకు చెప్పిన మాట అనుకున్నాను.

మర్నాడు అక్కడ ఉదయం ఏడు, మన ఊళ్ళో తొమ్మిదిన్నర. బస్సు ఎక్కకముందే పాస్టరమ్మగారికి ఫోన్ చేశాను.

"అమ్మగారూ, సండే స్కూలు గది తాళంచెవి ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?"