టేపు ఇంకా తియ్యలేదు

21 జనవరి 2025, మంగళవారం, కొలంబస్

పొద్దున కారు తలుపు చలికి బిగుసుకుపోయి ఎంత లాగినా రాలేదు. వేడినీళ్లు పోద్దామని చెంబు పట్టుకెళ్తుంటే అద్దం పగులుతుందని ఈయన లోపల్నుంచే అరిచారు. సరే, ఇంటి నుంచే పని చేస్తానని ఆఫీసుకు మెసేజ్ పెట్టేశాను. టీమ్‌లో సగం మంది అదే మెసేజ్ పెట్టారు. చలి ఒక సాకు. రాత్రి పదకొండు దాటేదాకా ఊళ్లో ఎవరు పడుకున్నారు గనక? ఒహాయో స్టేట్ వాళ్లు అట్లాంటాలో నోటర్ డేమ్‌ని 34-23తో కొట్టి అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ ఛాంపియన్లయ్యారు. ఒహాయో స్టేట్ అంటే మా ఊరి యూనివర్సిటీ, మావాడు అందులోనే సెకండియర్. అర్ధరాత్రి ఫోన్ చేసి "అమ్మా, గెలిచాం" అన్నాడు. గొంతు బొంగురుపోయి మిగతాది అర్థం కాలేదు. తిన్నావా అనేలోపు పెట్టేశాడు.

సంతోషమే. కానీ నాకు ఒక్కటి మింగుడు పడలేదు. నవంబరు 30న సొంత గ్రౌండులో మిషిగన్ చేతిలో 13-10తో ఓడిన టీమే కదా ఇది! అక్టోబరులో ఒరెగాన్ మీద కూడా ఒక్క పాయింటు తేడాతో పోయింది. బిగ్ టెన్‌లో, అంటే సొంత గ్రూపులోనే, నాలుగో స్థానం. నిరుటి సీజన్ దాకా ప్లేఆఫ్‌కి, అంటే ఛాంపియన్‌ని తేల్చే నాకౌట్ మ్యాచులకి, నాలుగే టీములు. అప్పుడైతే ఇలా రెండు ఓడిన వాళ్లు గడప తొక్కడం కష్టం. ఈసారి 12 చేశారు కాబట్టి ఎనిమిదో సీడ్‌గా దూరారు.

మిషిగన్ మ్యాచ్ అంటే ఇక్కడ మామూలు విషయం కాదు. ఆ వారం క్యాంపస్‌లో ఏ బోర్డు మీదైనా 'ఎం' అక్షరం కనిపిస్తే దాని మీద ఎర్ర టేపుతో ఇంటూ గుర్తు కొట్టేస్తారు. మా పక్కింటి పెద్దాయన పాతకాలం స్టూడెంట్. ఇంటిపేరులో ఆ అక్షరం ఉన్న పాపానికి తన మెయిల్‌బాక్స్ మీద కూడా అంటించుకున్నాడు. ఓడిన రోజు సాయంత్రం గరాజ్ తలుపు వేసుకుని ఎవరితోనూ మాట్లాడలేదు.

మధ్యాహ్నం ఆయనే వచ్చాడు. సంక్రాంతికి సకినాలు పెట్టిచ్చిన స్టీలు డబ్బా తిరిగివ్వడానికి. ఖాళీ డబ్బా ఇవ్వకూడదని ఎప్పుడో మాటల్లో చెప్పాను, గుర్తుపెట్టుకుని నిండా బకై మిఠాయి తెచ్చాడు. పీనట్ బటర్ ఉండని చాక్లెట్లో ముంచి, పైన కంటిపాపంత జాగా వదిలేస్తారు. ఒకటి నోట్లో వేసుకుని నా సందేహం అడిగాను.

ఆయన నవ్వి, తన రోజుల్లో సీజనయ్యాక ఛాంపియన్ ఎవరో పేపర్లో చూసుకునేవాళ్లమన్నాడు. విలేకరులు ఒక ఓటింగు, కోచ్‌లు ఒక ఓటింగు. 1997లో విలేకరులు మిషిగన్ అన్నారు, కోచ్‌లు నెబ్రాస్కా అన్నారు. "మిషిగన్‌కి సగం కప్పు. సగం కూడా ఎక్కువే" అన్నాడు. తర్వాత ఫైనల్ ఆడే రెండు టీముల్ని తేల్చడానికి ఓట్లకి కంప్యూటర్ లెక్కలు కలిపితే 2003లో ఇంకా వింత జరిగిందట. రెండు ఓటింగుల్లోనూ మొదటి స్థానంలో ఉన్న యూఎస్‌సీ లెక్క తేలేసరికి మూడోదై ఫైనల్ బయట నిలబడింది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. అలాంటి అవుట్‌పుట్ వస్తే మా దగ్గర రిలీజ్ ఆపేస్తాం.

2023 సంగతి నాకే తెలుసు. ఫ్లోరిడా స్టేట్ 13కి 13 గెలిచింది. ఆటని నడిపించే క్వార్టర్‌బ్యాక్‌కి కాలు విరిగింది, ఇక ఆడలేరులే అని ప్లేఆఫ్‌కి టీముల్ని ఎంచే కమిటీ ఆ టీమ్‌ని పక్కనపెట్టి, ఒకటి ఓడిన అలబామాను తీసుకుంది. తర్వాత ఫ్లోరిడా స్టేట్ ఆరెంజ్ బౌల్ అనే సీజన్ చివరి మ్యాచ్‌లో జార్జియా మీద 63-3తో చిత్తయింది, చూశారా మేం చెప్పలేదా అన్నారు. నాకు ఆ వాదన నచ్చదు. పరీక్ష రాయనివ్వకుండా ఫెయిలవుతావులే అంటే ఎలా?

కాబట్టి ప్లేఆఫ్ ఉండాలి. అయితే 12 మాత్రం ఎక్కువే. నాలుగు టీములకి మొదటి రౌండు లేకుండా నేరుగా క్వార్టర్స్ ఇచ్చారు, నలుగురూ ఆడిన మొదటి మ్యాచ్‌లోనే ఇంటికెళ్లారు. ఒహాయో స్టేట్ పిల్లలు మొత్తం 16 మ్యాచులు ఆడారు. మధ్యలో డిసెంబరు పరీక్షలు. వాళ్ల తల్లులు ఏమనుకున్నారో!

సాయంత్రం మావాడు మళ్లీ ఫోన్ చేస్తే, నాలుగో స్థానం వాళ్లకి కప్పేమిట్రా అన్నాను.

"అమ్మా, 2009?" అన్నాడు.

అంతే, నోరు పడిపోయింది. ఐపీఎల్‌లో మన హైదరాబాద్ టీమ్, డెక్కన్ ఛార్జర్స్. లీగులో నాలుగో స్థానం. సెమీస్‌లో మొదటి స్థానం ఢిల్లీ మీద గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టాడు. ఫైనల్లో బెంగళూరు మీద ఆరు పరుగులతో గెలిస్తే, అప్పుడు మేం హైదరాబాద్ ఈసీఐఎల్‌లో ఉండేవాళ్లం, మూడేళ్ల వీణ్ణి చంకనేసుకుని వీధిలోకి పరిగెత్తింది నేనే. ఢిల్లీకి అన్యాయం జరిగిందని ఆ రాత్రి మా వీధిలో ఒక్కరూ అనలేదు. ఈ కథ వాడికి ఎన్నిసార్లు చెప్పారో ఈయన.

"అది వేరేరా" అన్నాను. ఎలా వేరో అడక్కముందే కూర మాడుతోందని పెట్టేశాను.

చీకటి పడ్డాక చెత్తడబ్బా లోపలికి తెచ్చుకుందామని రెండు స్వెట్టర్లు వేసుకుని వెళ్లాను. పెద్దాయన వరండాలో కొత్త జెండా ఎగురుతోంది. మెయిల్‌బాక్స్ మీద 'ఎం' పైన ఎర్ర టేపు మాత్రం అలాగే ఉంది. ఒక కొస ఊడిపోతే దాని మీద ఇంకో ముక్క అంటించాడు, ఇది కొత్త టేపు.