నా కథలోని ఇంధనం మనిషి

యుద్ధకాలపు శాస్త్రవేత్త ఒకాయన మీద కథ మొదలుపెట్టాను. జర్మన్ రాకెట్ విమానం మెసర్‌ష్మిట్ 163 కోమెట్ కోసం పనిచేసే కల్పిత పాత్ర. పేరు ఇంకా కుదరలేదు. రూపకర్త అలెగ్జాండర్ లిపిష్‌నే నాయకుణ్ణి చేయమంది మా అక్క. రసాయన శాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు రెక్కల కన్నా ఇంధనం మీదే మోజు.

అందులో రెండు ద్రవాలు. ఒకటి 80 శాతం గాఢత గల హైడ్రోజన్ పెరాక్సైడ్. రెండోది మిథనాల్, హైడ్రజీన్ హైడ్రేట్ మిశ్రమం. రెండూ తగిలితే చాలు, అగ్గిపుల్లతో పని లేకుండా భగ్గుమంటాయి. అందుకే రెండు ట్యాంకర్లనూ ఒకేసారి విమానం దరిదాపులకు రానిచ్చేవారు కాదు. ఒకటి నింపి వెళ్లాక, ఒలికిన చోటల్లా నీళ్లతో కడిగి, అప్పుడు రెండోదాన్ని పిలిచేవారు. మా కథానాయకుడు అక్కడే ఉంటాడు, చేతిలో నీళ్ల గొట్టం, చూపు నేల మీద.

1941 అక్టోబరు 2న పైలట్ హైనీ డిట్‌మార్ ఈ విమానం తొలి నమూనాను గంటకు 1000 కిలోమీటర్లు దాటించాడు. అదీ ఇంధనం ఆదా చేయడానికి వేరే విమానంతో పైకి లాగించుకుని! తర్వాత వచ్చిన యుద్ధ నమూనాకూ పూర్తి శక్తితో ఎనిమిది నిమిషాలు ఎగిరేంత ఇంధనం లేదు. చక్రాలను గాల్లోకి లేవగానే జారవిడిచేవారు. దిగడం పొట్ట కింద నేల మీద జారే పట్టీ, అంటే స్కీ మీదే. ట్యాంకులో కాస్త పెరాక్సైడ్ మిగిలినా ఆ కుదుపు ప్రాణం మీదికి తెచ్చేది.

ఆ దిగే ఘట్టం రాయాల్సి ఉంది. పైలట్ బతకాలా వద్దా అని ఇంట్లో రెండు పార్టీలున్నాయి.